ఎండాకాలంలో వీణ

ఉద్యోగం ముగించుకొని ఇంటికి వచ్చాక అరగంట సేపు వీణ వాయించుకోవాలన్న నా చిన్న కోరికకు ఎండాకాలం ఏటా గండి కొడుతూనే ఉంది. పనసకర్రతో చేసిన బొబ్బిలి వీణ ఎంత ముచ్చటగా ఉన్నా, దాని 24 మెట్లను (తీగను నొక్కి స్వరాలు పలికించే అడ్డపట్టీలను) నిలబెట్టేది నల్లని మైనమే కాబట్టి, మేడమీది గదిలో మధ్యాహ్నపు వేడికి అది మెత్తబడి, ఒక్క మెట్టు గోరంత జరిగినా గాంధారం అపస్వరమై చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది. మెట్లు సరిచేసేవారు మా ఊళ్ళో లేరు; పొరుగు జిల్లాలో ఉన్న ఒక్కాయనా ఫోను చేసినప్పుడల్లా "వచ్చే వారం చూద్దామండీ" అంటారు. బస్సులో తీసుకువెళితే కండక్టరు వీణకూ టిక్కెట్టు కొట్టాడు (సీటు మాత్రం ఇవ్వలేదు). ఇవేవీ పట్టని చుట్టాలు వచ్చీ రాగానే, కాఫీ గ్లాసు వీణ గుండ్రటి కుండ మీద పెట్టబోతూ, "ఏదీ, ఓ సినిమా పాట వాయించు" అంటారు.