అంతా పిల్లి చేసిందే

ఒడిశాలోని మా బరంపురంలో ఇకమీదట ఎవరి తప్పూ వాళ్లది కాదు. తప్పంతా టాక్సోప్లాస్మా అనే క్రిమిది. ఇదేదో వేళాకోళం కాదు, సైన్సు.

1908లో ట్యునీషియాలో గుండి అనే ఎలుక జాతి జంతువులో కనిపెట్టిన సూక్ష్మజీవి ఇది. నెత్తురు వెచ్చగా ఉంటే చాలు, కోడైనా మేకైనా మనిషైనా దూరిపోతుంది. పెళ్లి మాత్రం పిల్లి జాతి పేగుల్లోనే చేసుకుంటుంది. మరి ఎలుకలో చిక్కుకున్నది పెళ్లిపందిరి చేరేదెలా? ఈ క్రిమి సోకిన ఎలుకలకు పిల్లి మూత్రం వాసనంటే జంకు పోతుందని, కొన్ని ఆ వాసన వైపే పోతాయని 2000లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు. పిల్లికి చెలగాటం, ఎలుకకూ చెలగాటమే!

మా వీధి కిరాణా కొట్లో బియ్యం బస్తా మీద పిల్లి పడుకుని ఉండగా, దాని తోక పక్కనే కూర్చుని మీసాలు దువ్వుకుంటున్న ఎలుకను చూశాను. క్రిమి వల్లో, బతుకు మీద విరక్తి వల్లో చెప్పలేను. పిల్లి మాత్రం లేవలేదు. షావుకారు పెట్టే ఎండుచేపలు తిన్నాక దానికి ఉద్యోగం మీద ఆసక్తి పోయింది.

క్రిమి సోకినవాళ్లు రోడ్డు ప్రమాదాల్లో ఎక్కువగా చిక్కుకుంటున్నారని 2002లో ప్రాగ్ శాస్త్రవేత్త యారొస్లావ్ ఫ్లెగర్ బృందం రాసింది. ఇది తెలిసిన రోజు నుంచి మా బావగారు హెల్మెట్ మానేశారు. రాంగ్ రూట్లో వెళ్తూ దొరికితే "నేను కాదు బాబూ, లోపల అది నడుపుతోంది" అంటారు. ఆంధ్రలోని ఇచ్ఛాపురం నుంచి పెట్రోలు కోసం ఇటు వచ్చేవాళ్ల సంగతి వేరు. అది క్రిమి కాదు, ధర.

ఇక పాలనాపరమైన చిక్కు. పిల్లి పెంటతో బయటపడిన ఈ క్రిమి గుడ్లకు అంటించే శక్తి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. ఒడిశా పర్లాకిమిడిలో ఎలుకను తిని, మహేంద్రతనయ నది దాటి ఆంధ్రా పాతపట్నంలో పని కానిచ్చే పిల్లికి బాధ్యులెవరు? సరిహద్దులోని కొఠియా ఊళ్లు ఎవరివో ఇన్నేళ్లయినా తేల్చుకోలేని రెండు ప్రభుత్వాలూ దీనికైనా జాయింట్ సర్వే వేయాలి. ఒక్కో పిల్లికి రెండేసి రేషన్ కార్డులిచ్చినా మాకు అభ్యంతరం లేదు.

2016లో న్యూజిలాండ్‌లో ఎనిమిది వందల మందికి పైగా పరీక్షిస్తే, ఈ క్రిమికీ మనిషి నడతకూ చెప్పుకోదగ్గ సంబంధమే కనబడలేదట. ఈ కబురు మా ఊరికి చేరకుండా చూడాలి. గర్భిణులు పిల్లి పెంట ఎత్తకూడదని, మాంసం బాగా ఉడికించాలని డాక్టర్లు చెప్పే మాట ఎలాగూ చేరదు. దానివల్ల ఎవరి చలానా రద్దు కాదు కదా.

నేనే పట్టుబట్టి బావగారికి రక్తపరీక్ష చేయించాను. క్రిమి లేదు. ఆయన ఇప్పుడు ల్యాబు కుర్రాడింట్లో పిల్లి ఉందేమోనని ఆరా తీస్తున్నారు.