సవరణ: జూమ్ చేస్తే ఎఫ్/2.8 ఉండదు

జేబులో పట్టే జూమ్ కెమెరాల గురించి మొన్న రాస్తూ, పానాసోనిక్ టీజెడ్100 లెన్స్ ఎంత జూమ్ చేసినా ఎఫ్/2.8 దగ్గరే ఉంటుందని చెప్పాను (ఎఫ్ అంకె లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది, అంకె చిన్నదైతే ఎక్కువ వెలుతురు వస్తుంది). అది తప్పు, క్షమించండి. ఎఫ్/2.8 ఉండేది జూమ్ చేయని 25 ఎంఎం దగ్గరే, పూర్తి జూమ్ 250 ఎంఎంకి వెళ్లేసరికి ఎఫ్/5.9 అయిపోతుంది, అంటే వెలుతురు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. ఎండలో కొండలు, గోపురాలు తీసేవాళ్లకి ఇబ్బంది లేదు. కానీ లేపాక్షి నాట్యమండపం పైకప్పు మీది బొమ్మల్ని కింద నిలబడి జూమ్ చేసి తీయాలంటే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందన) బాగా పెంచాలి, ఫొటోలో నాయిస్ (చుక్కల గరుకు) వస్తుంది. చీకటి మండపాలే ఎక్కువ తీసేవాళ్లు జూమ్ కొంత వదులుకుని సోనీ ఆర్ఎక్స్100 5ఏ చూడండి, 24-70 ఎంఎం లెన్సే గానీ 70 దగ్గర కూడా ఎఫ్/2.8 ఉంటుంది.

ఇంకొకటి, ఈ కెమెరాల్లో ఉండే 1 అంగుళం సెన్సర్ (ఫొటోని పట్టే చిప్) అసలు కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు, నేను రాసినట్టు అంగుళం వెడల్పు కాదు.