నలగని ఖద్దరు

"మిల్లు ఖద్దరు సార్, అస్సలు నలగదు" అన్నాడు షోరూమ్ కుర్రాడు. చొక్కాకు వేలాడే అట్ట మీద, చేత్తో వడికిన సన్న ఖద్దరుకు పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఊరు పొందూరు పేరు, పక్కన రాట్నం బొమ్మ, కాలరు లోపల చీమ తలకాయంత అక్షరాల్లో పాలిస్టర్ శాతం. ఇంత నిజాయతీగా అబద్ధమాడే వ్యాపారం ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది?

ఖాదీ అంటే ఇక్కడ చేత్తో వడికిన నూలుతో చేమగ్గం మీద నేసిన బట్ట అని 1956 నాటి చట్టం చెబుతోంది. ఇది అసలు ఖాదీయేనని చెప్పే ముద్రకు, అదే ఖాదీ మార్కుకు, 2013లో నిబంధనలూ వచ్చాయి. చేతుల్లేవన్న చిన్న కారణానికి పాపం మిల్లును వెలివేయడం ఏం న్యాయమండీ?

అందుకే ఆగస్టు 7న చేనేత దినోత్సవ సభల్లో మిల్లు బట్టకే పెద్దపీట. నాయకుడు కారు దిగుతాడు. చొక్కా మడత మీద వేలు పెడితే తెగేలా ఉంటుంది. వేదిక మీద పొందూరు నుంచి పిలిపించిన ముసలమ్మ, ముందు కొండపత్తి.

"ఇదేంటమ్మా?"

"వాలుగ సేప దవడ బాబూ. దీంతోనే పత్తి దువ్వుతాం."

నాయకుడు అడుగు వెనక్కేశాడు. "మనం ప్యూర్ వెజ్." పీఏ చెవిలో ఏదో ఊదాక, ఫొటో కోసం దవడ పట్టుకున్నాడు, తలకిందులుగా. "కొంచెం దువ్వండి సార్" అన్నాడు కెమెరా కుర్రాడు. సార్ క్రాఫు దువ్వుకోబోయాడు. తర్వాత రాట్నం తిప్పాడు, పోగు తెగింది, చప్పట్లు. ముసలమ్మ పోగు అతికింది. చప్పట్లు లేవు. ఆవిడకు శాలువా కప్పారు. అదీ పాలిస్టరే.

వంద కౌంటు నూలు, అంటే బహు సన్నటి పోగు, చేత్తో వడకడమంటే తమాషానా? గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టి అరటి దొప్పలో పెట్టుకోవాలి, నడుం పడిపోయేదాకా 24 ఆకుల చక్రమున్న రాట్నం తిప్పాలి. ఆ కూలితో ఇల్లు గడవదనే కదా కూతుళ్ళు రాట్నం ముట్టుకోనిది! వాళ్ళకున్న ఆస్తల్లా ఆ ఊరి పేరే. దాన్ని కాజేసి మరమగ్గం బట్టకు అంటించేవాణ్ణి దొంగ అనడానికి మనకెందుకింత మొహమాటం? పర్సు కొట్టేస్తే స్తంభానికి కట్టేసి తంతాం. పేరు కొట్టేస్తే మాత్రం డిస్కౌంటు మేళాకు క్యూ కడతాం!

ఖాదీ మార్కు ఏదని అడగండి. నీళ్ళు నమిలితే ఆ అట్ట చించి కౌంటరు మీద పెట్టి రండి.