ఆఫీసు మూసినంత మాత్రాన గడువు ఆగదు

వారం రోజుల్లో ఈ మెసేజ్ నాకు ఆరుగురు పంపారు. "అమెరికా షట్‌డౌన్‌తో పేటెంట్ ఆఫీసు మూతపడింది. మూసి ఉన్నన్ని రోజులూ గడువుకు కలుస్తాయి. ఇండియాలోనూ ఇదే రూలు, బంద్ రోజులు కూడా లెక్కే. లేటు ఫీజు లేదు. టెన్షన్ వద్దు, అందరికీ పంపండి." పంపినవాళ్ళలో ఇద్దరు స్టార్టప్ నడుపుతున్నారు, ఒకరు లాయరు. అందుకే కూర్చుని రాస్తున్నా.

మొదటి మాటే తప్పు. షట్‌డౌన్ అంటే బడ్జెట్‌కు ఆమోదం దొరక్క అమెరికా ప్రభుత్వ ఆఫీసులు ఆగిపోవడం. కానీ పేటెంట్ ఆఫీసు నడిచేది దరఖాస్తుదారులు కట్టే ఫీజుల మీద. 2018-19లో షట్‌డౌన్ 35 రోజులు సాగింది, 2025లో అక్టోబరు 1 నుంచి 43 రోజులు సాగింది. రెండుసార్లూ మిగులు ఫీజుల డబ్బుతో ఆఫీసు తెరిచే ఉంది. గడువులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

లేటు ఫీజు ఎవరూ మాఫీ చెయ్యలేదు.

ఇక బంద్. తెలంగాణ దరఖాస్తులు చూసేది చెన్నై గిండీలోని ఆఫీసు. ఇక్కడ బస్సులు డిపో దాటకపోయినా, బోనాలకు మన సర్కారు సెలవిచ్చినా, అక్కడ పని నడుస్తూనే ఉంటుంది. పైగా పేటెంట్ ఏజెంట్లు ఎలాగూ ఆన్‌లైన్‌లోనే వెయ్యాలి.

అసలు కొంప ముంచేది "మూసి ఉన్నన్ని రోజులూ కలుస్తాయి" అన్న మాట. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతాప దినం, 2025 జనవరి 9, గురువారం. ఆ రోజును అమెరికా పేటెంట్ ఆఫీసు సెలవుగా లెక్కేసింది. దానివల్ల 9న ముగిసే గడువులు మాత్రమే 10కి జరిగాయి. 13న ముగిసేది 13నే ముగిసింది. మంచు పడి ఆఫీసు ఆలస్యంగా తెరిచినా, ఆ రోజు కొంతసేపు పని చేసిందంటే ఆ వెసులుబాటు కూడా ఉండదు. మన 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం పదో సెక్షన్ చెప్పేదీ అదే: ఆఖరి రోజున ఆఫీసు మూసి ఉంటే, మళ్ళీ తెరిచిన రోజు వెయ్యొచ్చు. ఆఖరి రోజు ఒక్కటే! మధ్యలో పది రోజులు మూసినా మీకు కలిసొచ్చేది సున్నా. ఒక దేశంలో ఆఫీసు మూస్తే ఇంకో దేశంలో గడువు ఎందుకు కదులుతుంది? ఇది కూడా ఆలోచించకుండా ఎలా పంపుతారు?

చర్లపల్లిలో చిన్న వర్క్‌షాప్ నడిపే ఒకాయన ఈ మెసేజ్ చూసి నాకు ఫోన్ చేశారు. "అమెరికాలోనే మూసేశారంట కదా మేడం, ఇంకో నెల ఆగుదాం." ఆయనది ఇండియాలో వేసిన ప్రొవిజనల్, అంటే తేదీ దక్కించుకోవడానికి ముందుగా వేసే తాత్కాలిక దరఖాస్తు. పన్నెండు నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ పూర్తి వివరణ) వెయ్యకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే. డైరీ తీసి చూస్తే మిగిలింది మూడు రోజులు. ప్రొవిజనల్ వేశాక ఆ మెషీన్‌ని హైదరాబాద్‌లోని హైటెక్స్ ఎగ్జిబిషన్‌లో పదిమందికీ చూపించారు కూడా. ప్రొవిజనల్ తేదీ పోయి కొత్తగా వేస్తే, ముందే బయటపెట్టిన వస్తువు కొత్తది కాదని ఆ ప్రదర్శనే ఆయనకు అడ్డం తిరుగుతుంది. గ్రీజు మరకలున్న డ్రాయింగులు పట్టుకుని పరుగున వచ్చారు. గురువారం రాత్రి పదకొండు దాటాక రసీదు వచ్చింది. అప్పటిదాకా ఆయన కుర్చీలో కూర్చోలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. రోజులు నిజంగా కలిసిన సందర్భం ఉంది. కోవిడ్ అప్పుడు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న రోజుల్ని గడువు లెక్కలోంచి తీసెయ్యమని సుప్రీంకోర్టు చెప్పింది. ఇతరుల ట్రేడ్‌మార్క్ దరఖాస్తుపై అభ్యంతరం చెప్పడానికి ఉండే నాలుగు నెలలకు అది వర్తించదని నేను కూడా అప్పట్లో వాదించాను. మన డాక్టర్ రెడ్డీస్ వాళ్ళు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు, వర్తిస్తుందని 2022 మార్చిలో తీర్పు వచ్చింది. నా మాట తప్పయింది. బంద్ విషయంలోనూ కొంత నిజం ఉంది: మీరుండే చోట అల్లర్లో, సమ్మెలో, వరదలో వచ్చి కమ్యూనికేషన్ తెగిపోతే, పేటెంట్ రూల్స్ ఆరో రూలు కింద ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు. కానీ ఆ పరిస్థితి తీరిన నెలలోపు పని పూర్తి చేసి, ఆధారాలు చూపించి, పేటెంట్ ఆఫీసులో నిర్ణయం తీసుకునే కంట్రోలర్‌ని ఒప్పించాలి. దానంతటది రాదు.

పంపిన ఆరుగురూ మీ గ్రూపుల్లో ఆ మెసేజ్ ఈ రోజే తీసెయ్యండి. చర్లపల్లి ఆయన చూసింది అందులో ఒక గ్రూపులోనే.