ఆ చేతిని ఎందుకు తుడిచింది?

పోయిన ఆదివారం రాత్రి మా అపార్ట్‌మెంట్ మేడ మీద ప్రొజెక్టర్ పెట్టుకుని 'పర్ఫెక్ట్ డేస్' చూశాం. జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ టోక్యోలో తీసిన 2023 నాటి జపనీస్ సినిమా. నిడివి 124 నిమిషాలు. హిరయామా అనే పెద్దాయన తెల్లవారుతుండగా లేస్తాడు, పరుపు మడత పెడతాడు, మొక్కల మీద నీళ్ళు చల్లుతాడు, ఇంటి ముందున్న మెషీన్‌లోంచి కాఫీ డబ్బా తీసుకుంటాడు, వ్యాన్‌లో పాత క్యాసెట్ పెట్టుకుని షిబుయాలోని పబ్లిక్ టాయిలెట్లు కడగడానికి వెళ్తాడు. మర్నాడూ అంతే.

తొమ్మిదిమందితో మొదలుపెడితే చివరికి నలుగురం మిగిలాం. పక్క ఫ్లాట్ అంకుల్ "కథ ఎప్పుడు మొదలవుతుందమ్మా?" అని రెండుసార్లు అడిగి, మూడోసారి అడగకుండానే కిందికి వెళ్ళిపోయారు. ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు. మూడో అంతస్తు ఆంటీ మాత్రం అయిపోయాక కూడా కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నారు. మా మామయ్య ఆ రెండు గంటలూ కదల్లేదు. ఆయన ముప్పై ఏళ్ళు ఒక మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. సినిమా బాగా నచ్చిందేమో అనుకున్నాను. కుర్చీలు మడుస్తూ ఆ మాట అడిగితే మొదలైన వాదన ఇది.

మామయ్య: నచ్చలేదమ్మా. నాకు కోపం వచ్చింది.

నేను: స్లోగా ఉందనా?

మామయ్య: అబ్బే. మెల్లగా పోతే నాకేం బాధ? పొద్దున్న నాలుగున్నరకి హాజరు వేసే మస్టర్ దగ్గర నిలబడి, ఎవరొస్తారా అని ఎదురుచూసిన వాణ్ణి. మీ అంకుల్ లేచి వెళ్ళింది వేరే కారణానికి, నా కోపం వేరే కారణానికి. అంతసేపు కడగడం చూపించాడు కదా, ఒక్క దొడ్డైనా మురిగ్గా ఉందా?

నేను: టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు నిజంగానే శుభ్రంగా ఉంటాయి మామయ్యా.

మామయ్య: ఎంత శుభ్రమైన ఊరైనా మనుషులు మనుషులే. తాగి వచ్చి వాంతి చేసుకునేవాడు ఉంటాడు. కడుపు పాడైనవాడు ఉంటాడు. పనివాడి చెయ్యి చూపించాడు, బ్రష్ చూపించాడు, అద్దం పెట్టి అంచు కింద వెతకడం చూపించాడు. ఆ అద్దం సంగతి నాకు చాలా నచ్చింది, అది పని తెలిసినవాడి లక్షణం. కానీ దేనికోసం వెతుకుతున్నాడో అది చూపించలేదు. వాసన ఎలాగూ తెరమీద రాదు. కనీసం ముక్కు చిట్లించడం కూడా లేకపోతే ఎలా?

నేను: అది చూపించి ఉంటే జనం ఆ మనిషిని వదిలేసి మురికినే గుర్తుపెట్టుకునేవాళ్ళు. మనం ఎప్పుడూ చేసేది అదేగా? మనకి దొడ్డి గుర్తుంటుంది, కడిగినవాడి మొహం గుర్తుండదు. ఈ సినిమాలో తలకిందులైంది. కడుగుతుండగా ఎవరైనా లోపలికి వస్తే ఆయన బయటికొచ్చి గోడవారగా నిలబడతాడు. వచ్చినవాళ్ళు ఆయన్ని చూడరు. ఆయన పైకి తలెత్తి ఆకుల సందుల్లో వెలుగు చూస్తాడు. ఆ వెలుగుని జపనీస్‌లో 'కొమొరెబి' అంటారు.

మామయ్య: మనం ఎండపొడ అంటాం.

(ఈ మాట విని నేను ఒక్క క్షణం వాదన మర్చిపోయాను. మా అమ్మమ్మ వాడే మాట అది. కొమొరెబిలో చెట్టు ఉంటుంది, ఎండపొడలో చెట్టు ఉండాలని లేదు. కానీ వేప చెట్టు కింద నులకమంచం మీద అమ్మమ్మ ఆ మాట అన్నప్పుడు ఆకులూ ఉండేవి.)

మామయ్య: ఇంకో సంగతి. ఆ దొడ్లు చూస్తే నాకు ఇది ప్రచారానికి తీసిన సినిమాలా అనిపించింది. అద్దాల గోడలేమిటి, తలుపు గడియ వేస్తే అవి మసకబారడం ఏమిటి! మునిసిపాలిటీ వాణ్ణి, డబ్బు పెట్టినవాళ్ళ చెయ్యి ఎక్కడుందో నాకు తెలుస్తుంది.

నేను: దాచడమెందుకు, మీ అనుమానంలో సగం నిజమే. 'ది టోక్యో టాయిలెట్' అని ఒక ప్రాజెక్టు ఉంది. 2020 ఒలింపిక్స్‌కి విదేశీయులు వస్తారని, షిబుయాలో 17 చోట్ల టాయిలెట్లను పేరున్న ఆర్కిటెక్టులతో కొత్తగా కట్టించారు. తదావో ఆందో ఉన్నారు, కెంగో కుమా ఉన్నారు. ఆ అద్దాల గోడలు షిగెరు బాన్‌వి. నిప్పన్ ఫౌండేషన్ చేయించింది. వెనక నడిపించింది కోజి యనాయ్, యూనిక్లో బట్టల కంపెనీ కుటుంబం. ఈ సినిమా నిర్మాతల్లో కూడా ఆయన ఒకరు. వాటి మీద చిన్న చిత్రాలేమైనా తీస్తారా అని వెండర్స్‌ని పిలిచారు.

మామయ్య: చూశావా!

నేను: పూర్తిగా వినండి. ఆయన వచ్చి చూసి, చిన్న చిత్రాలు వద్దు, కథ తీస్తానన్నాడు. తకుమా తకాసాకి అనే జపనీస్ రచయితతో కలిసి రాసుకుని 17 రోజుల్లో షూటింగ్ ముగించాడు. మెచ్చుకోమని భవనాలు చూపిస్తే, ఆయన వాటిని కడిగే మనిషి వెంట పడ్డాడు. ఇది ప్రచారమైతే డబ్బు పెట్టినవాళ్ళు అడిగిన ప్రచారం మాత్రం కాదు.

మామయ్య: మరి ఆ చొక్కా వీపు మీద ప్రాజెక్టు పేరు ఎందుకుంది?

నేను: అది వాళ్ళ యూనిఫాం మామయ్యా.

మామయ్య: యూనిఫామే. నేనూ ఇప్పించాను యూనిఫాంలు. వీపు మీద ఎవరి పేరుందో చూస్తే ఆ మనిషి ఎవరి సొమ్మో తెలుస్తుంది. సరే, అది వదిలెయ్. జపాన్ వాళ్ళ జీవితం గురించి సినిమా తియ్యడానికి జర్మనీ నుంచి మనిషి రావాలా? మౌనం, మొక్కలు, శుభ్రం, వంచిన తల. బయటివాళ్ళు జపాన్ అనగానే ఊహించుకునేవన్నీ ఒక్క మనిషిలో కుక్కాడు. వినేవి చూస్తే అమెరికా పాటలు.

నేను: ఆ ఇంగ్లీషు పాటలు జపాన్‌లో ఆ వయసువాళ్ళు నిజంగా విన్నవే. మన ఊళ్ళో ఘంటసాల క్యాసెట్లతో పాటు బోనీ ఎం క్యాసెట్లు మీ గదిలో లేవా? ఇక బయటివాడంటారా, వెండర్స్ నిన్నమొన్న టోక్యోకి వచ్చినవాడు కాదు. 1985లోనే పాతతరం జపనీస్ దర్శకుడు ఒజు సినిమాల టోక్యోని వెతుక్కుంటూ ఒక డాక్యుమెంటరీ తీశాడు. హిరయామా పేరు కూడా ఒజు నుంచి తెచ్చుకున్నదే, 'టోక్యో స్టోరీ'లో ఆ కుటుంబం ఇంటిపేరు అది. పైగా జపాన్ ఆ ఏడాది ఆస్కార్‌కి ఈ సినిమానే పంపింది. జపనీయుడు కాని దర్శకుడి సినిమాని వాళ్ళు పంపడం అదే మొదటిసారి. హిరయామాగా చేసిన కోజి యకుషోకి కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది.

మామయ్య: అవార్డుల సంగతి నాకొద్దు. ఆ నటుడు గొప్పవాడే, నేను కాదన్నానా? నా గొడవ అతని నవ్వుతో.

నేను: నవ్వుతోనా?

మామయ్య: ఆ పిల్లాడి సీను గుర్తుందా?

(గుర్తుంది. టాయిలెట్ లోపల తప్పిపోయిన చిన్న పిల్లాడు ఏడుస్తుంటాడు. హిరయామా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకొస్తాడు. తల్లి పరుగెత్తుకొస్తుంది. ఈయన వైపు చూడదు, థాంక్స్ చెప్పదు. తడి కాగితం తీసి, ఈయన పట్టుకున్న పిల్లాడి చేతిని తుడుస్తుంది. పిల్లాడు వెళ్తూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతాడు. హిరయామా నవ్వుతాడు.)

నేను: సినిమా మొత్తంలో నన్ను కోసేసిన సీను అది. దాన్ని ఎవరూ మాటల్లో వివరించరు, ఏడుపు సంగీతం ఉండదు. ఆవిడ చెడ్డది అని కూడా చెప్పడు. తుడుస్తుంది, అంతే. మురికి చూపించలేదన్నారే, నాకైతే ఆ కాగితంలో కనిపించింది.

మామయ్య: నాకూ కనిపించింది. ఆ వెంటనే అతను నవ్వాడు. చూసేవాళ్ళందరికీ ప్రాణం తేలికైంది. మీ ఆంటీ కూడా అక్కడ నవ్వారు. ఆ నవ్వు లేకపోతే ఆ తల్లి చేసింది మన గుండె మీదే కూర్చునేది. నవ్వి మనందర్నీ వదిలేశాడు.

నేను: ఆయన నవ్వింది తల్లిని చూసి కాదు, పిల్లాడు చెయ్యి ఊపినందుకు.

మామయ్య: అది నువ్వు అతని వైపు నుంచి చెప్తున్నావు. నేను తల్లి వైపు నుంచి చెప్తున్నాను.

నేను: జపాన్‌లో బడిపిల్లలే తరగతి గదులు ఊడ్చుకుంటారు. శుభ్రం చేసే పని ఫలానా కులం వాళ్ళదని ఇవాళ అక్కడ పుట్టుకతో రాసిపెట్టలేదు. రెండు మూడొందల ఏళ్ళ కిందట, ఎడో కాలంలో అయితే టోక్యో దొడ్లలోది రైతులు డబ్బిచ్చి కొనుక్కుపోయేవాళ్ళు ఎరువుకి.

మామయ్య: మా పాత ఫైళ్ళలో దాన్ని 'నైట్ సాయిల్' అని రాసేవాళ్ళు. పుట్టుకతో రాసిపెట్టలేదంటున్నావు, మరి ఆవిడ చెయ్యి ఎందుకు తుడిచింది?

(నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడూ లేదు.)

మామయ్య: మన దగ్గర 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి, మలం చేత్తో ఎత్తించే పని నేరమని. బెజవాడ విల్సన్ లాంటివాళ్ళు దశాబ్దాలుగా దాని కోసమే తిరుగుతున్నారు. ఇంత జరిగాక కూడా మ్యాన్‌హోల్‌లో దిగి చచ్చిపోయిన వార్త పేపర్లో వస్తూనే ఉంటుంది. అందుకని ఈ పని చేసేవాడు ఆనందంగా ఉన్నాడంటే నేను ఒప్పుకోలేను. పైగా ఇతను ఉన్న ఇంటివాడు. చెల్లెలు డ్రైవర్‌తో కార్లో దిగింది కదా! ఎంచుకోగలిగి ఎంచుకున్నాడు. మా మస్టర్‌లో ఎంచుకుని వచ్చినవాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు.

నేను: అది నిజం. అక్కడ మీతో వాదించను. కానీ ఆ చెల్లెలు "నిజంగా టాయిలెట్లు కడుగుతున్నావా?" అన్నట్టు అడిగి వెళ్ళిపోయాక ఆయన ఏడుస్తాడు మామయ్యా. ఆనందమే అయితే అదెందుకు? తోటి కుర్రాడు చెప్పాపెట్టకుండా మానేసినరోజు రెండు డ్యూటీలూ తనే చేసి, ఆఫీసుకి ఫోన్ చేసి అరుస్తాడు, రోజూ ఇలా నా వల్ల కాదని. రోజులన్నీ ఒకేలా ఉన్నాయని అంకుల్ లేచిపోయారు గాని, ఒక్క రోజు కూడా ఇంకోలా లేదు. అంత మెల్లగా చూపించాడు కాబట్టే, ఒక మనిషి డ్యూటీకి రాకపోతే ఎంత కుప్పకూలుతుందో మనకి ఒంటికి తెలిసింది. గబగబా తీసి ఉంటే అది ఒక డైలాగుగా పోయేది.

మామయ్య: ఆ ఫోన్ సీను నిజం. అది రాసినవాడికి పని తెలుసు.

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ప్రొజెక్టర్ ఫ్యాన్ ఇంకా తిరుగుతోంది. తర్వాత ఆయన చెప్పినదాన్ని ఇక్కడ రాయడానికి ఆయన్ని అడిగి ఒప్పించుకున్నాను.

మామయ్య: మస్టర్ పుస్తకంలో అందరూ సంతకాలు పెట్టాలి. పెన్ను నాదే ఉండేది. అందరూ అయ్యాక దాన్ని రుమాలుతో తుడిచి జేబులో పెట్టుకునేవాణ్ణి. రోజూ. తుడుస్తున్నానని కూడా నాకు తెలిసేది కాదు. ఒకరోజు ఒకతను చూశాడు. డ్రెయిన్ల బ్యాచ్‌లో పెద్దవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను తుడుస్తుంటే చూసి నవ్వాడు. మర్నాటి నుంచి తన పెన్ను తను తెచ్చుకున్నాడు.

నేను: మామయ్యా...

మామయ్య: ఆ నవ్వుని నేను పాతికేళ్ళు మంచితనం అనుకున్నాను. ఇవాళ ఆ తల్లిని చూసినప్పుడు అనుమానం వచ్చింది. అతను ఇంటికెళ్ళి ఏం చేసుకున్నాడో నాకు తెలీదు. మీ సినిమా కూడా ఆ సాయంత్రం చూపించలేదు, స్నానానికి వెళ్ళాడు, పుస్తకం చదువుకుని పడుకున్నాడు అని చూపించింది.

నేను: చివర్లో చూపించింది. ఆ వ్యాన్‌లో.

మామయ్య: అది పాట వల్ల. నీనా సిమోన్ గొంతు అలా వస్తుంటే ఎవరి మొహమైనా గొప్పగా ఉంటుంది.

నేను: అయితే పాట తీసేసి చూద్దాం.

మళ్ళీ ప్రొజెక్టర్ వెలిగించి, సౌండ్ పూర్తిగా తగ్గించి ఆ ఆఖరి షాట్ పెట్టాను. ఒక్క మొహం, మీద పడుతున్న పొద్దుటి ఎండ. పెదాలు నవ్వబోతాయి, కళ్ళలో నీళ్ళు నిండుతాయి, మళ్ళీ నవ్వు, మళ్ళీ నీళ్ళు. కింద వీధిలో ఎవరిదో బండి స్టార్ట్ అవుతోంది.

నేను: ఇప్పుడు చెప్పండి. ఇది మనల్ని వదిలేసే నవ్వేనా?

మామయ్య: కాదు. ఇక్కడ కాదు. కానీ ఆ పిల్లాడి దగ్గర నవ్వు గురించి నా మాట మారదు.

నేను: నా మాటా మారదు.

మామయ్య: ఇతను ఎక్కడికి వెళ్తున్నాడిప్పుడు?

నేను: డ్యూటీకి.

మామయ్య: అయితే ఇవాళ్టి దొడ్లు ఇంకా ఒక్కటీ కడగలేదన్నమాట.