ముందు ఏడాదీ ఒక రోజూ, ఆ తర్వాతే మంత్రం

మే ఒకటో తారీఖు సాయంత్రం. ఒడిశాలోని గుణుపూర్‌లో మా బంధువుల ఇంటి మేడ. డిగ్రీ చదువుతున్న వాళ్ల అమ్మాయి నేల మీద గుండ్రంగా ఉప్పు పోసి, నాలుగు దిక్కులా నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టింది. ఆరు దాటినా డాబా ఇంకా కాలుతోంది. వెలిగించకముందే రెండు కొవ్వొత్తులు మెత్తబడి పక్కకి ఒరిగాయి. ఎండబెట్టిన మాగాయ ముక్కలు ఎత్తడానికి పైకొచ్చిన వాళ్ల అమ్మమ్మ ఆ ఉప్పు గీత చూసి మెట్ల దగ్గరే ఆగిపోయింది. “ఏటే గుంటా ఇది? ఎవులైనా సూస్తే సిల్లంగి అనీగలరు. దిగు కిందికి” అంది. ఆవిడ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది.

ఆ అమ్మాయి ఫోన్లో డబ్బు కట్టి విక్కా అనే, ఇంగ్లండ్‌లో పుట్టిన ఆధునిక మంత్రగత్తెల మతం నేర్పే ప్రారంభకుల కోర్సులో చేరింది. రెండు శని ఆదివారాల పాఠాలు, ఆఖర్న సర్టిఫికెట్. మే ఒకటిన బెల్టేన్ పండగ, నిప్పు రాజేసి మంచి రుతువుకు స్వాగతం చెప్పాలి అని పాఠంలో ఉందట. మే నెలలో, వంశధార ఒడ్డున, నిప్పు రాజేసి! ఆ పాఠం తయారుచేసినవాళ్లకు గుణుపూర్ ఎక్కడుందో తెలియదు. నేర్చుకునే పిల్ల ఏ ఊళ్లో ఉందో, ఆ ఊళ్లో ఆ నెలలో ఎండ ఎలా ఉంటుందో అడగాలని కూడా వాళ్లకు తోచలేదు.

విక్కా నేర్పకూడదని నేను అనను. నా గొడవంతా నేర్పే వరస మీదే. మంత్రంతో మొదలుపెడుతున్నారు. మొదటి ఏడాది మంత్రం జోలికే పోకూడదు. ఇది నేను కొత్తగా పెట్టిన షరతు కాదు. విక్కాను లోకం ముందు పెట్టిన గార్డ్‌నర్ సంప్రదాయంలో నడిచే చాలా బృందాల్లో కొత్తవాళ్లకు దీక్ష ఇచ్చే ముందు ఏడాదీ ఒక రోజూ ఆగమంటారు. ఆ గడువును రెండు వారాలకు కుదించి అమ్మడమంటే ఆ మార్గాన్నే అవమానించడం.

ఈ చరిత్ర పాఠకులకు కొంత తెలిసిందే. మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి ఇంగ్లండ్ తిరిగొచ్చిన జెరాల్డ్ గార్డ్‌నర్, అక్కడ 1735 నాటి మంత్రవిద్యల చట్టం 1951లో రద్దయ్యాక, 1954లో పుస్తకం రాసి ఈ మతాన్ని లోకం ముందు పెట్టాడు. దాని ప్రార్థనలకు చక్కటి భాష ఇచ్చింది ఆయన శిష్యురాలు డోరీన్ వాలియెంటే. క్రైస్తవానికి ముందు నుంచీ తెగకుండా వస్తున్న రహస్య మతం అన్న కథ నిలబడదని రొనాల్డ్ హట్టన్ లాంటి చరిత్రకారులు ఎప్పుడో చూపించారు. అంటే విక్కా వయసు మా నాన్న వయసంత. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? అయినా కోర్సులు అమ్మేవాళ్లు “వేల ఏళ్ల ప్రాచీన విద్య” అనే చెబుతారు. మొదటి రోజే అబద్ధం చెప్పిన గురువు రెండో రోజు ఏం నేర్పినా నేను నమ్మను.

ఇక అసలు విషయానికి వస్తాను. విక్కా తనను తాను ప్రకృతి మతం అంటుంది. ఏడాదిని ఎనిమిది పండగల చక్రంగా చూస్తుంది. పగలూ రాత్రీ సమానమయ్యే రెండు రోజులు, అన్నిటికంటే పొడుగు పగలు, అన్నిటికంటే పొడుగు రాత్రి, వాటి నడుమ మరో నాలుగు. ఆ నాలుగూ బ్రిటన్, ఐర్లండ్ రైతుల, పశువుల కాపరుల ఏడాదిలోంచి వచ్చాయి. అక్టోబరు 31న సావిన్ అంటే అక్కడ పశువులను కొట్టాలకు తోలుకొచ్చి, చలికాలానికి సిద్ధమై, చనిపోయినవాళ్లను తలుచుకునే రాత్రి. మన దగ్గర ఆ రోజులకు ఇంకా చేను మీదే పంట ఉంటుంది, రైతు కళ్లు ఆకాశం మీద ఉంటాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి గజపతి, రాయగడ, గంజాం జిల్లాలను ముంచి వెళ్లింది. ఈ నేల మీద అక్టోబరు అంటే తుఫాను నెల. ఆ మాట లేని ప్రకృతి మతం ఇక్కడి పిల్లకు ఏ ప్రకృతిని చూపిస్తుంది?

ఆస్ట్రేలియాలో విక్కా పాటించేవాళ్లు ఈ చిక్కును ఏనాడో విప్పుకున్నారు. అక్కడ రుతువులు తలకిందులు కాబట్టి చాలామంది చక్రాన్నే ఆరు నెలలు తిప్పేశారు. సావిన్‌ను ఏప్రిల్ ఆఖర్న, బెల్టేన్‌ను అక్టోబరు ఆఖర్న చేసుకుంటారు. వాళ్లు మార్చుకుంటే మతం చెడలేదు. రాయగడలో, పర్లాకిమిడిలో, బరంపురంలో మార్చుకుంటే చెడుతుందా?

పైగా మన తెలుగువాళ్ల చేతిలో ఎనిమిది ఆకుల చక్రం కంటే ఎంతో నిశితమైన చక్రం ఉంది, ఇరవై ఏడు ఆకులది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులూ ఒక కార్తె. విక్కా పండగల్లాగే ఇవీ సూర్యుణ్ణి బట్టి నడిచేవే, అందుకే ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి. బెల్టేన్ వచ్చేది భరణి కార్తెలో. భరణి కురిస్తే ధరణి పండును అన్నారు మనవాళ్లు. అంటే మే మొదట్లో ఇక్కడ పిలవాల్సింది వానని. తర్వాత రోళ్లు పగిలే రోహిణి. అన్నిటికంటే పొడుగు పగలు జూన్ 21 అయితే, ఇంచుమించు అప్పుడే ఆరుద్ర మొదలవుతుంది. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తుంది అని సామెత. దానికి వారం ముందే మన ఒడియా ఇరుగుపొరుగు రజ పండగ చేసుకుంటారు. భూమి బహిష్టు అయిందని మూడు రోజులు నాగలి పట్టరు, మట్టి తవ్వరు. ఆడపిల్లలు పని మానేసి ఉయ్యాలలూగుతారు. నేలను స్త్రీగా, దేవతగా చూడాలన్నది విక్కా పుస్తకాల్లో పెద్ద పాఠం. ఇక్కడ ఆ పాఠం పక్కింటి చెట్టుకి వేలాడుతోంది.

రజ పండగే విక్కా అని నేను అనడం లేదు, అలా కలిపేస్తే ఒప్పుకోను కూడా. గుణుపూర్ కొండల మీది సవర గిరిజనుల్లో పూనకంలో చనిపోయినవాళ్లతో మాట్లాడించే స్త్రీలున్నారు. ఆ విద్య వాళ్లకు చిన్నప్పటి నుంచీ కలల్లో, పెద్దల వెనక తిరుగుతూ అబ్బేది. దాన్ని తీసుకొచ్చి కోర్సులో ఒక అధ్యాయంగా అతికించడం దొంగతనం. నేను అడిగేది చిన్నది. నేర్చుకునే పిల్ల ఏడాది పాటు తన ఊరి గాలినీ, చెట్టునీ, వాననీ చూసి రాసుకోవాలి. విక్కాలో ఎవరి పూజలూ మంత్రాలూ వాళ్లు ‘నీడల పుస్తకం’ అనే సొంత పుస్తకంలో చేత్తో రాసుకుంటారు కదా, దానికి మొదటి పేజీలు ఇవే కావాలి.

“ఇక్కడ ఆడవాళ్లను మంత్రగత్తెలని చంపుతుంటే మీరు మంత్రగత్తె మతం నేర్పమంటారా?” అని హేతువాద మిత్రులు నిలదీస్తారు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. మూఢనమ్మకాల మీద పోరాడినందుకే 2013 ఆగస్టు 20న పుణెలో నరేంద్ర దాభోల్కర్‌ను కాల్చి చంపారు. అదే ఏడాది మహారాష్ట్రలో చేతబడి వ్యతిరేక చట్టం, ఒడిశాలో మంత్రగత్తెల వేట నిరోధక చట్టం వచ్చాయి. కానీ ఎవరికీ కీడు చేయకుండా నీకు నచ్చింది చెయ్యి అనే మతాన్ని ఆపితే ఆ హత్యలు ఆగవు. వాటి వెనక భూమి తగాదాలుంటాయి, జ్వరానికి ఆస్పత్రి దూరం కావడం ఉంటుంది.

అయితే ఆ ప్రశ్నలో ఒక నిజముంది, అది మాట గురించి. లండన్‌లో “నేను విచ్‌ని” అని చెప్పుకోవడం ధైర్యం. ఇక్కడ తెలుగులో చిల్లంగి, ఒడియాలో డాహాణీ అంటే మీద పడే నింద. ఒంటరి ముసలావిడ మీద ఆ మాట పడితే ఇల్లు పోతుంది, ప్రాణం పోతుంది. ప్రారంభకులకు మొదటి పాఠంలోనే ఈ తేడా చెప్పాలి. మేడ మీద ఉప్పు గీతకు భయపడ్డ అమ్మమ్మకు తెలిసిన విషయం సర్టిఫికెట్ ఇచ్చే గురువుకు తెలియలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

ఇదంతా ఆలోచిస్తే నా మనసు గిడుగు రామమూర్తి దగ్గరికే పోతుంది. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు మొదట చేసిన పని తాను సవర నేర్చుకోవడం. సవర తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, ఏళ్ల తరబడి నేర్చుకున్నాడు. ఆ భాషలోనే వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బడి నడిపాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు. ఏది నేర్పాలన్నా నేర్చుకునేవాళ్ల నోటి మాటతో మొదలుపెట్టాలని ఆయన బతికి చూపించిన నేల ఇది. ఇప్పుడు అదే నేల మీద తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా రాస్తారు, ఫోన్లో ఇంగ్లిషులో దేవతను పిలుస్తారు. విక్కా ఒక్కటే కాదు, లెక్కలైనా సైన్సైనా వాళ్లకు అందుతున్న తీరు ఇదే. మూడు భాషల్లో ఏదీ పూర్తిగా వాళ్లది కావడం లేదు.

జూన్‌లో మళ్లీ గుణుపూర్ వెళ్లాను. అమ్మాయి ఒక నోటుబుక్కు తెచ్చి చూపించింది. కార్తెల పేర్లు అమ్మమ్మ చెబుతుంటే రాసుకుందట. తెలుగు రాయడం రాదు కాబట్టి తెలుగు మాటలు ఒడియా అక్షరాల్లో ఉన్నాయి. అమ్మమ్మకు ఆ అక్షరాలు రావు. అమ్మాయే పైకి చదివింది: “మృగశిర. రెండో రోజు. మధ్యాహ్నం గాలి, వాన లేదు. చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కినాయి.” అరుగు మీద పప్పు చెరుగుతున్న అమ్మమ్మ చేట ఆపి, “రెండో రోజు కాదు, మూడోది. దిద్దుకో” అంది.