షేరు ధర సరే, షేర్ల లెక్కేదీ?

మొబైల్ కంపెనీ వొడాఫోన్ ఐడియా షేరు పది రూపాయల లోపే ఉన్న రోజుల్లో, ధర అంత తక్కువ కాబట్టి రిస్క్ తక్కువని ఒక వ్యాసంలో రాశారు. షేర్లు ఎన్ని ఉన్నాయో మాత్రం ఒక్క ముక్క లేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

2019లో రైట్స్ ఇష్యూ (పాత వాటాదారులకే కొత్త షేర్లు అమ్మడం) షేరు 12.50 రూపాయలకి, 25,000 కోట్లు. 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌పీఓ (లిస్టయిన కంపెనీ జనానికి మళ్లీ షేర్లు అమ్మడం) 11కి, 18,000 కోట్లు. 2025లో ప్రభుత్వం తనకు కంపెనీ కట్టాల్సిన 36,950 కోట్ల స్పెక్ట్రమ్ (మొబైల్ సిగ్నల్ తరంగాల) బకాయిని షేరు 10 చొప్పున వాటాగా మార్చుకుంది. ఈ ఒక్క దెబ్బకే 3,695 కోట్ల కొత్త షేర్లు పుట్టాయి. మొత్తం షేర్లు సుమారు 7,140 కోట్ల నుంచి 10,830 కోట్లకు చేరాయి. ప్రభుత్వ వాటా 22.6 శాతం నుంచి దాదాపు 49కి పెరిగింది. మీ డీమ్యాట్‌లో (షేర్లు ఉంచే ఖాతాలో) వెయ్యి షేర్లుంటే ఇప్పటికీ వెయ్యే కనిపిస్తాయి, కానీ కంపెనీలో మీ వాటా మూడో వంతు కరిగిపోయింది. చారు అంతే, నీళ్లు పోశారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అప్పుడు మార్కెట్ ధర ఏడు రూపాయల లోపే. ముఖవిలువకు (షేరుపై రాసి ఉండే ధర, ఇక్కడ పది రూపాయలు) తక్కువకి షేర్లు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి ప్రభుత్వం పదికి తీసుకుంది. మార్కెట్ ధరకే ఇచ్చి ఉంటే ఇంకా ఎక్కువ షేర్లు పుట్టేవి, ఆ మేరకు చిన్న వాటాదారు బతికిపోయాడు. అయితే బాకీ పద్దు తగ్గిందే తప్ప కంపెనీ చేతికి కొత్తగా రూపాయి రాలేదు. టవర్లకు డబ్బు కావాలంటే మళ్లీ ఎక్కడో అక్కడ తేవాల్సిందే. ఈసారి ఏ ధరకి అన్నదే నా టెన్షన్.